పెరటి చెట్టు



ఇటీవల ఒక శ్రావకుడు వచ్చి నన్నిట్లడిగెను: "అయ్యా, మా పెరటి వేపచెట్టు వేళ్ళు గిడ్డంగి పునాదిలోనికి చొచ్చి గోడ బీటలు వారినది. జేసీబీని పిలిపించిన గంటలో వేళ్ళతో సహా పెకలించునట. చెట్టును తాకునది నా చేయి కాదు గదా! తీయించవచ్చునా?"

హింస మూడు విధముల మనకంటును: తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని మెచ్చుట. వీనినే కృత, కారిత, అనుమోదితములందురు. మీటలు కదపినది డ్రైవరే. బాడుగ మాట్లాడినది మనము. సరుకు గుమాస్తా తూచినను లాభనష్టములు యజమాని ఖాతాకే చేరును గదా!

చెట్టు వనస్పతికాయము, స్పర్శ యొక్కటే గల జీవి. దాని వేళ్ళ నడుమ రెండింద్రియముల వానపాములు, మూడింద్రియముల చీమలు, కొమ్మలలో అయిదింద్రియముల పక్షులు గలవు. యంత్రపు బకెట్టు ఒక్కమారు మన్నెత్తిన వీనిలో ఎన్నింటికి ఆపదయో యోచింపుడు.

అట్లని గృహస్థునకు మునుల మహావ్రతము విధింపబడలేదు. స్థావర జీవుల హింసను అతడు పూర్తిగా మానజాలడు. కాని అక్కరలేని హింస అనర్థదండము, దానిని మానవలెను. నేరేడు చెట్టు క్రింద నిలిచిన ఆరుగురు బాటసారుల కథ మీరెరిగినదే. పండ్లకొరకు చెట్టునే కూల్చుదమన్నవానిది కృష్ణలేశ్య. రాలిన పండ్లు చాలునన్నవానిది శుక్లలేశ్య. ఆకలి అందరిదీ ఒక్కటే, భావము వేరు.

పూర్వము గొడ్డలితో కొట్టి, గునపముతో వేళ్ళు త్రవ్వుటకు రెండు మూడు దినములు పట్టెడిది. నడుమ మనసు మారుటకు వ్యవధి యుండెడిది. యంత్రము ఆ వ్యవధిని హరించినది. కావున యంత్రమును పిలువకముందే ఆ రెండు దినములను మనమే కేటాయించుకొనవలెను. గోడవైపు వేరొక్కటి కోసిన చాలునేమో మేస్త్రీని అడుగుడు. తప్పనిసరియైన, భూమి జీవరాశితో నిండియుండు చాతుర్మాసము గడువనిండు. గూళ్ళలో గ్రుడ్లు, పిల్లలు లేవని చూచి, పగటివేళ, కావలసినంత మేరకే త్రవ్వింపుడు. వేరుమొద్దును పెరటిలో తగులబెట్టకుడు. ఆ సాయంకాలము ప్రతిక్రమణమున ఆ చెట్టును, అందలి జీవులను తలచి క్షమాపణ వేడుడు.

ఆ శ్రావకుడు కొంతసేపు మౌనముగా నుండి, "కార్తిక పూర్ణిమవరకు ఆగెదను, ఈలోగా మేస్త్రీకి చూపించెదను" అని లేచెను. గోడ మరల కట్టుకొనవచ్చును. తొందరలో తీసిన ప్రాణమును ఏ యంత్రమును మరల నాటలేదు.

జై జినేంద్ర!