పైకప్పునకు పిట్టగోడ, బండికి బ్రేకు

మూలవాక్యము: ద్వితీయోపదేశకాండము 22:8
కుటుంబ ప్రార్థనలో చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:28–36, మత్తయి 4:5–7, రోమా 13:8–10



పది ఆజ్ఞలు మన పిల్లలకు సయితము కంఠస్థమే. అయితే ఇల్లు కట్టువానికి దేవుడిచ్చిన ఒక చిన్న ఆజ్ఞను చాలమంది చూడకయే దాటిపోవుచున్నారు. క్రొత్తగా ఇల్లు కట్టువాడు దాని పైకప్పు చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టనందున ఎవడైనను పడి చనిపోయినచో ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. ఇదియే ఆ ఆజ్ఞ.

మన పాలమూరు పల్లెలవారికి దీని భావము విడమరచి చెప్పనక్కర లేదు. మన పాత మిద్దెలవలెనే ఇశ్రాయేలీయుల ఇండ్ల కప్పులును చదునుగా ఉండెడివి. ఎండకాలమున మిద్దెమీద పండుకొందుము, మిరపకాయలు ఆరబోయుదుము, పిల్లలు అక్కడనే ఆడుకొందురు. ఇంటివానికి మిద్దె అంచు ఎక్కడనో తెలియును. చుట్టపుచూపుగా వచ్చి, నడిరాత్రి నిద్రమత్తులో లేచినవానికి తెలియదు. పిట్టగోడ ముఖ్యముగా వానికొరకు. పొరుగువానిని ప్రేమింపవలెనను గొప్ప ఆజ్ఞ ఇక్కడ మట్టిగోడగా నిలిచియున్నది. ప్రేమ మాటలలోనే ఉండినయెడల మిద్దెమీదనుండి పడువానిని ఆపజాలదు.

ఈ నెల ఈ వాక్యమును మన వాకిట నిలిచియున్న పాత కారుతో జతపరచి ధ్యానింతము.

అమెరికా మెన్నొనైట్ బ్రదరన్ సంఘపు మొదటి మిషనరీలు 1899లో తెలుగు దేశమునకు వచ్చిరి. ఆ తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతములలో సువార్త ఎద్దుల బండ్లమీద ఊరూర తిరిగెను. మన తాతలు ఆరాధనకు బండి కట్టునప్పుడు ముందుగా ఇరుసు చూచి, కందెన వేసి, చక్రపు శీల తట్టి చూచి, అటుతరువాతనే ఆడవారిని పిల్లలను ఎక్కించెడివారు. శీల చేతివ్రేలంత ఇనుప ముక్కయే, కాని అది ఊడినయెడల చక్రము ఊడిపోవును.

నేడు బండ్లు మారినవి. అయినను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో కొందరి యిండ్ల ముందు తండ్రులనాటి అంబాసిడరు కారో, పాత జీపో ఇంకను కనబడుచున్నది. అంబాసిడరు కార్లు బెంగాలు రాష్ట్రములోని ఉత్తరపారలో 1957 మొదలు 2014 వరకు తయారైనవి. ఇప్పుడు క్రొత్తవి రావు గనుక ఉన్నదానినే బాగుచేసికొని వాడుకొనవలెను. చేతిపని తెలిసిన యువకులు ఇంటివద్దనే వాటి బ్రేకులు విప్పి, కమాన్ కట్టలు దించి సరిచేయుచున్నారు. ఇది మంచిపని. ఎందుకనగా ఆదివారమున ఆ కారులో ఎక్కువారు ముసలివారు, గర్భిణులు, పసిపిల్లలు. వారు ఎక్కుటకు ముందు బ్రేకు పట్టునా అని అడుగరు. మనలను నమ్మి ఎక్కుదురు.

1. కనబడని పనిలో నమ్మకత్వము

పాత కారు బాగుచేయుటకు పూనుకొనినవాడు మొదట దేనికి డబ్బు పెట్టును? సాధారణముగా రంగునకు, సీటు కవర్లకు. వెనుక అద్దముమీద బైబిలు వాక్యమును కూడ వ్రాయించును. అవి చెడ్డవి కావు. అయితే మనుష్యులు పైరూపమును చూతురనియు, యెహోవా లోపలిదానిని చూచుననియు సమూయేలునకు తెలుపబడెను (1 సమూయేలు 16:7). అద్దముమీద వాక్యము మెరయుచుండగా డ్రమ్ము లోపల లైనింగు అరిగి రివెట్లు ఇనుమును గీకుచున్నయెడల, ఆ వాక్యమే మనమీద సాక్ష్యము పలుకును.

బ్రేకు పనిచేయు విధము వినుడి. పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని ఆయిలు సన్నని గొట్టములలో ప్రతి చక్రమునకు పోవును. అక్కడి చిన్న సిలిండరు రెండు బ్రేకు షూలను వెలుపలికి నెట్టును. అవి తిరుగుచున్న డ్రమ్మును లోపలినుండి ఒరయును, చక్రము నిలుచును. పాత అంబాసిడర్లలోను పాత జీపులలోను నాలుగు చక్రములకు ఒకే ఆయిలు మార్గము. ఒక్క గొట్టము చిట్లినయెడల, ఒక్క సిలిండరు రబ్బరు చిరిగినయెడల, నాలుగు చక్రముల పట్టును పోవును. ఒక అవయవము బాధపడగా శరీరమంతయు బాధపడునని పౌలు కొరింథీయులకు చెప్పిన మాట ఇక్కడను నిజమే.

గొట్టములో గాలి చేరినయెడల పెడలు దూదివలె మెత్తగా దిగును. అందుచేత బ్రేకు విప్పి బిగించిన ప్రతిమారు, ఒకరు పెడలు త్రొక్కుచుండగా మరియొకరు చక్రమువద్ద నిప్పిలు విప్పుచు, బుడగలు ఆగువరకు గాలి తీయవలెను. ఆ బ్రేకు ఆయిలు గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకొనును. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వేడివరకు మరగక నిలువవలెనని నియమము. తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. చూచుటకు మాత్రము అది ముందటివలెనే ఉండును. మన్ననూరు దాటి నల్లమలలో దోమలపెంటమీదుగా శ్రీశైలము ఆనకట్టవైపు దిగు ఘాటు రోడ్డులో, తక్కువ గేరు వేయక బ్రేకుమీదనే కాలు మోపియుంచినయెడల, డ్రమ్ములు కాలి ఆ ఆయిలు మరుగును. ఆవిరి బుడగలు పుట్టి పెడలు నేలకు అంటును. చదునైన దారిలో దాగిన లోపము దిగుడులో బయటపడును. విశ్వాసి జీవితమును ఇట్టిదే. ప్రార్థన తగ్గి, లోకపు తేమ దినదినము లోపలికి దిగినను పైకి ఏమియు కనబడదు. శోధన వేడి తగిలినప్పుడు కనబడును. కావున కనీసము రెండేండ్లకొకసారి ఆయిలు మార్చుడి. ఆత్మను మాత్రము ప్రతిదినము పరీక్షించుకొనుడి.

2. ఒకరి బరువు ఒకరు మోయుట

అంబాసిడరు వెనుక భాగమును కమాన్ కట్టలు మోయును. ముందు భాగమును టార్షన్ బారను పొడవైన ఇనుప కడ్డీలు మెలికపడుచు మోయును. కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగినను కారు నడచును, కాని దాని బరువు మిగిలిన పట్టీలమీద పడును. కొంతకాలమునకు అవియు విరుగును. మన సంఘములలో ఒకరిద్దరు పెద్దలమీదనే భారమంతయు మోపి తక్కినవారు ఊరకుండుట ఈలాటిదే గదా!

కారు కుదుపును మనము సుఖమునకు సంబంధించినదిగా మాత్రమే యెంచుదుము. అది సరికాదు. షాక్ అబ్జార్బరు చెడినయెడల గతుకులలో చక్రము నేల విడిచి ఎగురును. నేల తాకని చక్రమును ఎంత మంచి బ్రేకైనను ఆపలేదు. కారు మూలను చేతులతో గట్టిగా నొక్కి వదలుడి. అది ఒకమారు లేచి నిలువక మరల మరల ఊగినచో షాక్ అబ్జార్బరు పని అయిపోయినదని తెలిసికొనుడి. రబ్బరు బుష్షులు మార్చినయెడల, చక్రములు నేలమీద ఆని కారు బరువు పడిన తరువాతనే వాటి బోల్టులను పూర్తిగా బిగింపుడి. గాలిలో వ్రేలాడుచుండగా బిగించిన బుష్షు, బరువు పడగానే మెలికపడి త్వరగా చిరుగును. మనుష్యులును అట్టివారే. భారము మోయుచు నిలిచినప్పుడే మన స్థానము సరిగా కుదురుకొనును.

3. తెలిసియు ఊరకుండుట

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన న్యాయవిధి కలదు. ఎన్నడును పొడువని ఎద్దు అకస్మాత్తుగా ఒకనిని చంపినయెడల యజమానుడు నిర్దోషి. ఆ ఎద్దు ముందునుండి పొడుచునదేయని ఎరిగి, ఇతరులు హెచ్చరించినను దానిని కట్టివేయనివాడు మాత్రము మరణపాత్రుడు. ఆ ఇద్దరి మధ్య భేదము ఎద్దులో లేదు, యజమానుని తెలివిడిలో ఉన్నది.

“రెండు మూడు మారులు కొట్టినగాని బ్రేకు పట్టదు, నాకు అలవాటే” అని నవ్వుచు చెప్పు సహోదరులున్నారు. “బ్రేకు వేయగానే ఎడమకు లాగును, నేను స్టీరింగు పట్టుకొని సరిచేసికొందును” అందురు. ప్రియులారా, ఆ మాటతోనే మనము తెలిసినవారి వరుసలో చేరితిమి. ఒక ప్రక్కకు లాగుట ఊరకే రాదు. ఒక చక్రపు లైనింగు ఆయిలుతో తడిసియుండవచ్చును, లేక సిలిండరు బిగుసుకొని యుండవచ్చును. వేగము రెండింతలైనప్పుడు బ్రేకు పట్టినది మొదలు కారు నిలుచు దూరము నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున అలవాటైన ఉపాయము, పెబ్బేరు దగ్గర పెద్దరోడ్డుమీద 60 కిలోమీటర్ల వేగమున అక్కరకు రాదు. ఎదుట రోడ్డు దాటుచున్న మేకలకాపరి బాలునికి మన అలవాటు తెలియదు.

పదునైదేండ్లు నిండిన సొంత కారును మరల పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెనని ప్రభుత్వ చట్టము. ఆ కాగితము తీసికొనుడి. అయితే కాగితము వచ్చిన మరునాడు కారిన ఆయిలునకు లెక్క చెప్పవలసినవారము మనమే.

4. ప్రభువును శోధింపకుడి

బయలుదేరునప్పుడు కారులో కూర్చుండి ప్రార్థించుట మనకు మంచి అలవాటు. దానిని విడువకుడి. కాని అపవాది యేసును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, క్రిందికి దుముకుము, దూతలు ఎత్తి పట్టుకొందురని లేఖనమునే చూపి శోధించెను. దేవుని శోధింపరాదని చెప్పి ప్రభువు ఆ మాట త్రోసివేసెను. బ్రేకు చెడినదని తెలిసియు దానిని విప్పక, ప్రార్థించి బయలుదేరుట శిఖరముమీదనుండి దుముకుటయే. పిట్టగోడ కట్టుమని దేవుడు ఆజ్ఞాపించెను గాని, గోడ లేని మిద్దెమీద ప్రార్థించి పండుకొనుమని చెప్పలేదు.

పని చేయువాడును తన ప్రాణమును శోధనకు అప్పగింపకూడదు. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రింద దూరకుడి. ఇటుకలు పగులును, రాళ్లు జారును; గట్టి నేలమీద ఇనుప స్టాండ్లు పెట్టి, నేలమీదనున్న చక్రములకు అటు ఇటు అడ్డు దిమ్మెలు వేయుడి. పాత లైనింగు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. నోటితో ఊదక, తడిబట్టతో తుడువుడి. బ్రేకు రబ్బర్లకు కిరోసిను, పెట్రోలు, ఇంజను ఆయిలు తగులనీయకుడి. అవి ఉబ్బి చెడును. మెలికపడియున్న టార్షన్ బారులో గొప్ప బలము దాగియుండును. ఎరుగనివాడు దానిని విప్పినచో చేయి విరుగును.

తనకు తెలియనిది తెలియదని చెప్పుటయు భక్తియే. బెసలేలునకు చేతిపని నేర్పు ఇచ్చినది దేవుని ఆత్మయని నిర్గమకాండము 31వ అధ్యాయము చెప్పుచున్నది. వనపర్తిలో 1959 నుండి పాలిటెక్నిక్ ఉన్నది. ఇంజనుల విద్య నేర్చినవారు మన ఊళ్లలోను ఉన్నారు. అట్టివారిని పిలిచి మీరు చేసిన పనిని చూపుడి. తరువాత ఖాళీ బయలులో, ఎవరిని ఎక్కించుకొనక, నడకంత వేగమున బ్రేకు వేసి చూడుడి. అది సరిగా పట్టిన పిమ్మటనే ఇంటివారిని ఎక్కింపుడి.

5. రక్తాపరాధము కడుగువాడు

ఇంతవరకు విన్నవారిలో ఎవరి హృదయమైనను గ్రుచ్చబడియుండవచ్చును. పిట్టగోడ లేని మిద్దెలు మన జీవితములలో అనేకములు. త్రాగుడు మానలేని తండ్రి, కోపము వచ్చినప్పుడు నాలుకకు బ్రేకు లేని తల్లి, పొలముగట్టున తెరచిన బావికి అడ్డు పెట్టని రైతు, అందరును తెలిసియు ఊరకున్నవారే. ఆ అపరాధమును మనము రంగు వేసి కప్పలేము. దాని కొరకే దేవుని కుమారుడు సిలువమీద తన రక్తము కార్చెను. మన పాపములను ఒప్పుకొనినయెడల ఆయన క్షమించి కడుగునని యోహాను మొదటి పత్రిక అభయమిచ్చుచున్నది.

అయితే క్షమింపబడిన జక్కయ్య ఊరక కూర్చుండలేదు. అన్యాయముగా తీసికొనినదానిని తిరిగి ఇచ్చెదననెను. కడుగబడిన చేయి స్పానరు పట్టుకొనును, డ్రమ్ము విప్పును, అరిగిన లైనింగు మార్చును. ప్రేమగలవాడు పొరుగువానికి హాని రానీయడు. ఈ ఆదివారము రాకముందే మీ వాకిట నిలిచిన బండి పెడలు త్రొక్కి చూడుడి. మోటారు సైకిలైనను, ట్రాక్టరైనను, ఆటోయైనను సరే. మెత్తగా దిగినచో దానిని కదలింపకుడి. ఆ ఆదివారమునకు నడచి ఆరాధనకు రండి. ప్రభువు మిమ్మును అక్కడ కలిసికొనును.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును నమ్మి మాతో ప్రయాణము చేయువారిని నీవు మాకు అప్పగించితివి. మేము తెలిసియు ఊరకున్న ప్రతి లోపమును క్షమించుము. మనుష్యులు చూడని చోట నమ్మకముగా పనిచేయు మనస్సు మాకు దయచేయుము. రోడ్లమీద లారీలు, బస్సులు, ఆటోలు నడుపు మా సంఘస్థులను కాపాడుము. వారి మూలముగా ఏ ఇంటను ఏడ్పు పుట్టకుండునట్లు వారికి మెలకువ ననుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.