హృదయభారము ఎవరి దోషము?

కోపమును, చింతను జయింపలేనివాడు రోగమును తానే కొనితెచ్చుకొనుచున్నాడని కొందరు పెద్దలు చెప్పుచుందురు. రక్తపోటు కలవానిని చూచి “మనస్సును అదుపులో నుంచుకొనుము” అని హితవు పలికి లేచిపోవుట మిక్కిలి సులభము. ఆ హితవు ఎంతవరకు న్యాయమో ఏటూరునాగారమువంటి యేటియొడ్డు ఊరిని తలచుకొని విచారింపవలెను.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినది. పెక్కుచోట్ల జనులు ఇండ్లనుండి వెలుపలికి పరుగెత్తిరి. అట్టి క్షణమున దేహములో జరుగునదేమి? మెదడు అపాయమును గుర్తింపగనే మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. గుండె వడిగా కొట్టుకొనును, సన్నని రక్తనాళములు ముడుచుకొనును, పోటు పెరుగును. ఇది రోగము కాదు, ప్రాణరక్షణకై దేహము చేయు పని. భయము తీరినపిమ్మట పోటు దిగివచ్చును.

అయితే నాళములు ముందే పూడియున్న గుండె ఈ తాకిడికి ఓర్వజాలకపోవచ్చును. 1994 జనవరి 17న అమెరికాలోని లాస్ ఏంజలిస్ ప్రాంతమున భూకంపము వచ్చెను. అంతకుముందు వారములో దినమునకు సగటున 4.6గా నుండిన ఆకస్మిక హృదయమరణములు ఆనాడు 24కు పెరిగినవి. తరువాతి దినములలో ఆ సంఖ్య మునుపటికంటె తగ్గినది. అప్పటికే గుండెజబ్బు ముదిరియున్న వారిని భయము కొంత ముందుగ తీసికొనిపోయినదని వైద్యులు తలచిరి.

భూకంపము క్షణికము, గోదావరి యట్లు కాదు. ఆషాఢ శ్రావణములు వచ్చినచో ఒడ్డుననున్న కుటుంబములకు నిద్ర కరవగును. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలములోని కొండాయిని ముంచి ప్రాణములు హరించినది. ఇట్టి చింత నెలల తరబడి సాగినచో నిద్ర చెడును. పొగాకు, మద్యము పెరుగును. మాత్రల వేళ తప్పును. ఉప్పు, వంశపారంపర్యము, స్థూలకాయము చేయు కీడునకు ఇదియు తోడగును. 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో, గుండెపోటు వచ్చినవారు ఇంటిచింత, పనిచింత, ధనచింతలను ఇతరులకంటె ఎక్కువగ చెప్పుకొనిరి.

ఇందులో రోగి దోషమెంత? కోపము కొంతవరకు మనిషి చేతిలోనిదే. ఇష్టలింగమును కరతలమున నుంచి శ్వాసను నిదానముగ సాగించువానికి నాడి నెమ్మదించును. కాని అది మాత్రలకు బదులు కాదని మఠములలోని పెద్దలు స్పష్టముగ చెప్పుట మంచిది. వరదలో ఇల్లు పోయినవాని చింత మాత్రము శీలలోపము కాదు. దానికి ఉపదేశము చాలదు, పొరుగువాని చేయి కావలెను. బసవేశ్వరుడు కాయకముతోపాటు నేర్పిన దాసోహము ఇచ్చటనే అక్కరకు వచ్చును. అన్నము పెట్టుట యొక్కటే దాసోహమని తలచుట లోకమునకు అలవాటైనది. వాన ముదిరిన దినమున వృద్ధుని మాత్రలను నీరు తగులని సంచిలో కట్టి యిచ్చి, ఆరోగ్యకేంద్రమునకు తోడుపోయి పోటు చూపించి, ఆ రాత్రి ఆయన నిద్రించుటకై తాను ఏటిగట్టున మేల్కొనియుండుటయు దాసోహమే.