ఆట అందరిదీ, ఆ చోటు ఎవరిది?

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ వచ్చినప్పుడల్లా పత్రికలు స్టేడియాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాయి. ఏది పెద్దది, ఏది అందమైనది, ఎన్ని సీట్లు, ఎంత ఖర్చు. 2010లో దక్షిణాఫ్రికా 10 స్టేడియాల్లో పోటీలు పెట్టింది. అందులో 5 కొత్తగా కట్టినవి, మిగతావి పాతవాటిని బాగుచేసినవి. 2014లో బ్రెజిల్‌కు 12 కావాల్సి వచ్చాయి. 2022లో ఖతర్‌లో 8 ఉంటే 7 కొత్తవే. మన పిల్లలు ఈ బొమ్మలు కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకుంటారు. అంటించుకోనివ్వండి. ఆట మీద ఇష్టం మంచిదే.

అయితే పోల్చేటప్పుడు కొలత ఏదో చూసుకోవాలి. సంతలో చింతపండును తూకం వేస్తారు, ధాన్యాన్ని కుంచంతో కొలుస్తారు. సీట్ల లెక్కతో స్టేడియం పెద్దదో చిన్నదో తెలుస్తుంది గాని న్యాయంగా కట్టారో లేదో తెలియదు. మనం ఇక్కడ అడగదలచుకున్న ప్రశ్న ఒకటే. కొద్దిమంది చోటు తీసుకుని కోట్లమందికి సంతోషం పంచితే అది న్యాయమవుతుందా? ఈ ప్రశ్న ఆదివాసులకు కొత్తది కాదు. ఆనకట్ట అన్నప్పుడు, గని అన్నప్పుడు, పులుల అభయారణ్యం అన్నప్పుడు మన పెద్దలు దీన్ని వింటూనే ఉన్నారు. ఆట పేరుతో వచ్చినప్పుడు మాత్రం జవాబు చెప్పడం ఇంకా కష్టం. ఎందుకంటే ఆ సంతోషం నిజమైనది, అందులో మనకూ భాగం ఉంది.

రియో నగరంలోని మరకానా స్టేడియంతో మొదలుపెడదాం. మరకానా అనేది అక్కడి ఆదివాసుల తుపీ భాషలో ఒక రకం చిలుక పేరు. స్టేడియం పక్కన పారే చిన్న నదికి ఆ పేరుంది, నది నుంచి స్టేడియానికి వచ్చింది. 1950 జూలై 16న బ్రెజిల్, ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడిపోయిన రోజు అక్కడ దాదాపు 2 లక్షల మంది ఉన్నారంటారు. అంతమంది పట్టడానికి ఒక కారణం ఉంది. మైదానం అంచున సీట్లు లేని ఒక భాగం ఉండేది. దాన్ని జెరాల్ అనేవారు. చాలా తక్కువ టిక్కెట్టుతో కూలీలు, చిరు వ్యాపారులు, పేదింటి కుర్రాళ్లు అక్కడ నిలబడి ఆట చూసేవారు. 2005లో జెరాల్‌ను తీసేశారు. 2014 కోసం మళ్లీ భారీ ఖర్చుతో స్టేడియాన్ని మార్చారు. ఇప్పుడు అందరికీ కుర్చీలే, సుమారు 78 వేలు. సౌకర్యం పెరిగింది, భద్రత పెరిగింది, టిక్కెట్టు ధరా పెరిగింది. నిలబడి చూసినవాళ్లు టీవీ ముందుకు చేరారు. కొత్తది కట్టడం తప్పు, పాతది బాగుచేయడం ఒప్పు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. మేము అలా అనలేం. బాగుచేయడంలో కూడా మనుషులు బయటికి పోతారు.

మరకానా పక్కనే 19వ శతాబ్దపు పాత భవనం ఒకటుంది. బ్రెజిల్ ప్రభుత్వపు ఆదివాసీ సంరక్షణ శాఖ ఒకప్పుడు అక్కడ పనిచేసింది. 1953లో అక్కడే ఆదివాసీ మ్యూజియం పెట్టారు. తర్వాత మ్యూజియం వేరే చోటికి మారిపోయింది, భవనం పాడుబడింది. 2006లో వేర్వేరు తెగల ఆదివాసులు, గ్వాజజారా, పటాషో వంటివాళ్లు, అందులోకి వచ్చి నివాసం ఏర్పరచుకున్నారు. దానికి మరకానా గ్రామం అని పేరు పెట్టారు. నగరానికి వచ్చిన ఆదివాసీకి తలదాచుకునే చోటు, భాష నేర్పే చోటు, చేతిపని అమ్ముకునే చోటు అదే అయింది. ప్రపంచ కప్ దగ్గర పడగానే ఆ భవనాన్ని కూల్చి స్టేడియానికి వచ్చేపోయే జనానికి, వాహనాలకు దారి చేయాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంది. గొడవ పెద్దదయ్యాక 2013 జనవరిలో కూల్చబోమని చెప్పింది. మార్చి 22న మాత్రం పోలీసులు వచ్చి లోపలి ఆదివాసులను బయటికి పంపారు. భవనం కూలలేదు, మనుషులు పోయారు. గోడలకు విలువ కట్టి మనుషులకు కట్టకపోవడం ఏమిటో ఆలోచించండి.

అదే ప్రాంగణంలో ఒక ప్రభుత్వ బడి కూడా ఉంది. దాని పేరు ఫ్రీడెన్‌రైక్. జర్మన్ తండ్రికీ నల్లజాతి తల్లికీ పుట్టిన పాతకాలపు గొప్ప ఆటగాడి పేరది. నగరంలో మంచి పేరున్న ప్రభుత్వ బడుల్లో అదొకటి. స్టేడియం పనుల కోసం దీన్నీ కూల్చాలనుకున్నారు. తల్లిదండ్రులు, పిల్లలు, టీచర్లు ఒప్పుకోలేదు. నెలల తరబడి నిలబడ్డారు. 2013 జూన్‌లో దేశమంతా జనం రోడ్ల మీదికి వచ్చి, స్టేడియాలకు ఏ ప్రమాణం పెట్టారో మా ఆసుపత్రులకూ మా బడులకూ అదే ప్రమాణం కావాలని అడిగారు. ఆ ఊపులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బడి మిగిలింది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఆ బడి పోకుండానే, ఆ పాత భవనం కూలకుండానే 2014 ఫైనల్ మరకానాలో జరిగింది. ఆటకు ఏ లోటూ రాలేదు. కూల్చక తప్పదు, ఇది అవసరం అని అధికారులు చెప్పిన మాట ఏమైంది? పెద్ద పనులు జరిగే చోట అవసరం అనే మాటను చాలా తేలిగ్గా వాడతారు. వినేవాళ్లు ఎదురు అడగకపోతే అది అవసరంగానే మిగిలిపోతుంది.

దక్షిణాఫ్రికాలో ఇంకో రెండు బడుల కథ ఉంది. అప్పటి నెల్‌స్ప్రూట్, ఇప్పటి ఎంబొంబేలా పట్టణంలో 2010 కోసం కొత్త స్టేడియం కట్టారు. పైకప్పును మోసే 18 స్తంభాలు జిరాఫీల్లా ఉంటాయి. కుర్చీలు జీబ్రా చారల్లా ఉంటాయి. చూడముచ్చటైన కట్టడం. ఆ నేల మట్సఫేని ప్రజలది. వర్ణవివక్ష పోయాక, గుంజుకున్న భూములు తిరిగి ఇచ్చే చట్టం కింద వాళ్లకు దక్కినది. స్టేడియం కోసం ఆ నేలను ఒక్క రాండ్‌కు మునిసిపాలిటీకి రాసివ్వడానికి పత్రాలు తయారయ్యాయి. విషయం కోర్టుకు వెళ్లాక గాని వాళ్లకు సరైన పరిహారం మాట రాలేదు. 1/70 చట్టం ఉన్న చోట కూడా భూమి ఎలా చేతులు మారుతుందో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ స్థలంలో రెండు బడులు ఉండేవి. పిల్లలను ఖాళీ చేయించి తాత్కాలిక గదుల్లో పెట్టారు. పాత బడి భవనాలను స్టేడియం కట్టేవాళ్లు ఆఫీసులుగా వాడుకున్నారు. కొత్త బడి కడతామన్న మాట ఏళ్ల తరబడి సాగింది. ఎండకు కాలిపోయే గదుల్లో కూర్చోలేక పిల్లలు, వాళ్ల వెనుక తల్లిదండ్రులు రోడ్డెక్కారు. కిటికీలోంచి చూస్తే జిరాఫీ స్తంభాలు లేస్తున్నాయి. బ్లాక్‌బోర్డు గోడకు నిలవడం లేదు. ఆ స్టేడియంలో ప్రపంచ కప్ మ్యాచ్‌లు ఎన్ని జరిగాయో తెలుసా? నాలుగు. బడి నడిపేవాళ్లం కాబట్టి మాకు ఈ లెక్క దగ్గర మనసు ఆగిపోతుంది. స్టేడియం ఒకటి రెండేళ్లు ఆలస్యమైతే పోటీ వేరే ఊళ్లో పెట్టుకోవచ్చు. మూడో తరగతి పిల్లవాడికి పోయిన రెండేళ్లు ఎవరు తెచ్చిస్తారు?

రియో బడి నిలిచింది, ఎంబొంబేలా బడులు పోయాయి. తేడా ఎక్కడుంది? రియో పిల్లలకు బడి ఎక్కువ అవసరమా? కాదు. రియో తల్లిదండ్రుల దగ్గరికి పత్రికలవాళ్లు నడిచి వెళ్లగలిగారు. ఊరి చివర పేదవాళ్ల మాట అంత దూరం పోలేదు. గొంతు వినబడినవాడికి న్యాయం, వినబడనివాడికి పరిహారం. ఇది నీతి కాదు, దూరం లెక్క.

ఇప్పుడు మనకు ఇంకా దగ్గరగా తగిలే సంగతికి వద్దాం. అమెజాన్ అడవి నడుమ మనౌస్ నగరం ఉంది. ఆ పేరు కూడా మనావోస్ అనే ఆదివాసీ తెగ పేరే. 2014 కోసం అక్కడి పాత స్టేడియాన్ని పడగొట్టి 40 వేలకు పైగా సీట్లతో కొత్తది కట్టారు. జర్మనీ వాస్తుశిల్పులు దానికి అక్కడి ఆదివాసులు అల్లే బుట్ట ఆకారం ఇచ్చారు. ఫొటో చూస్తే మన ఇళ్లలో విప్పపువ్వు ఏరే గంప గుర్తొస్తుంది. కట్టేటప్పుడు కనీసం ముగ్గురు కార్మికులు చనిపోయారు. ప్రపంచ కప్‌లో అక్కడా నాలుగు మ్యాచ్‌లే. ఆ ఊళ్లో మొదటి శ్రేణి జట్టు లేదు. ఆటలు అయ్యాక దాన్ని ఏం చేయాలో తెలియక, జైలుకు పంపే ఖైదీలను ఉంచడానికి వాడొచ్చని ఒక న్యాయమూర్తి సూచించాడు. బుట్ట ఆకారంలో జైలు! అది జరగలేదు లెండి.

ఖతర్‌లో అల్ బైత్ స్టేడియాన్ని ఎడారి సంచార ప్రజల గుడారం లాగా కట్టారు. గుడారం రూపం, బుట్ట రూపం, చిలుక పేరు, ఇవన్నీ ప్రపంచానికి నచ్చుతాయి. గౌరవించినట్టే కనబడుతుంది. కొందరు యువకులు ఇది మనకు గర్వకారణం కదా సార్ అంటారు. గర్వపడటం తప్పు కాదు. కాని గంప అల్లే ఆమెను ఆ గంప లోపలికి రానిచ్చారా, ఆమె అడవికి హద్దులు రాసిచ్చారా అని కూడా అడగాలి. ఆకారం తీసుకోవడానికి ఖర్చు లేదు. హక్కు ఇవ్వడానికి ఉంది.

2014 జూన్ 12న సావో పాలోలో తొలి మ్యాచ్‌కు ముందు ముగ్గురు పిల్లలు మైదానం మధ్యకు వచ్చి తెల్ల పావురాలను ఎగరేశారు. వాళ్లలో 13 ఏళ్ల గ్వారానీ తెగ బాలుడు ఒకడు. అతని తండ్రి రచయిత. పావురం ఎగిరిపోయాక ఆ బాలుడు దాచుకున్న ఎర్రగుడ్డ తీసి విప్పాడు. దాని మీద ఉన్నది మా భూములకు హద్దులు నిర్ణయించండి అనే అర్థమిచ్చే మాట. టీవీలో పావురాలు కనబడ్డాయి, ఎర్రగుడ్డ కనబడలేదు. పావురం ఎగరేయడానికి మనం కావాలి, మాట్లాడటానికి అక్కర్లేదు. మన దగ్గర ఆగస్టు 9న వేదిక ఎక్కించి థింసా ఆడించి, పోడు పట్టాల సంగతి ఎత్తగానే మైకు తీసుకునేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

ఖతర్ సంగతి తెలుగు పల్లెలకూ చెందినదే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి ఎన్నో ఏళ్లుగా మనుషులు గల్ఫ్ పనికి పోతున్నారు. 2010లో ఆతిథ్యం ఖాయమైన తర్వాత పదేళ్లలో దక్షిణాసియా 5 దేశాల వలస కార్మికులు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని గార్డియన్ పత్రిక రాసింది. అది అన్ని కారణాలతో, అన్ని పనుల్లో చనిపోయినవాళ్ల లెక్క. అందరూ స్టేడియం పనివాళ్లు కారు. నిర్వాహకులు మొదట స్టేడియం పనిలో ప్రమాదం వల్ల పోయినవాళ్లు ముగ్గురే అన్నారు. 2022 నవంబరులో వాళ్ల ముఖ్య అధికారి ఒక ఇంటర్వ్యూలో, ప్రపంచ కప్ పనులన్నిటిలో 400 నుంచి 500 మంది అని చెప్పాడు. ముగ్గురు అన్నచోట 400 నుంచి 500 మధ్య అనడమే ఒక జవాబు. సీట్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టినవాళ్లు మనుషులను మాత్రం వందకు అటూ ఇటూగా చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పాలి. అక్కడే 974 ఓడ కంటైనర్లతో, ఆట అయ్యాక విప్పి తీసేసేలా ఒక స్టేడియం కట్టారు. ఖాళీగా పడి ఉండే గంపకంటే అది తెలివైన పని.

అందరినీ అడుగుతూ కూర్చుంటే లోకంలో ఏ పెద్ద పనీ జరగదని ఒక వాదన ఉంది. దీన్ని కొట్టిపారేయకూడదు. గూడెంలో బోరు వేయాలన్నా ఎవరో ఒకరి గట్టు కొంచెం పోతుంది, పెద్దమనుషులు కూర్చుని ఒప్పిస్తారు. అక్కడ రెండు విషయాలున్నాయి. గట్టు పోయినవాడూ ఆ బోరు నీళ్లే తాగుతాడు. వద్దు అనే వీలు కూడా అతనికి ఉంటుంది. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన బలం ఈ పాత పద్ధతి నుంచి వచ్చిందే. ఎంబొంబేలా పిల్లలకు ఈ రెండూ లేవు. వద్దు అనే వీలు లేనప్పుడు, త్యాగం చేశారని పొగడటం అబద్ధం. త్యాగం ఇచ్చేవాడు చేస్తాడు, తీసుకునేవాడు ప్రకటించేది కాదు.

సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్లు ఈ పాఠాన్ని మెక్సికో నగరంతో మొదలుపెట్టవచ్చు. 2026 పోటీలకు మూడు దేశాల్లో 16 స్టేడియాలు ఎంచుకున్నారు, అన్నీ ముందునుంచీ ఉన్నవే. అందులో 1966లో తెరిచిన అజ్టెకా స్టేడియం ఉంది. 1970, 1986 ఫైనళ్లు జరిగింది అక్కడే. ఒక ఆదివాసీ నాగరికత పేరు మోసిన ఆ స్టేడియానికి 2025లో ఒక బ్యాంకు పేరు పెట్టారు. దాని చుట్టూ సాంతా ఉర్సులా అనే పాత ఊరు ఉంది. అక్కడివాళ్లు ఏళ్లుగా నీళ్ల గురించి అడుగుతున్నారు. సీట్ల లెక్క రాసిన పక్క గడిలోనే పిల్లల చేత ఆ ఊరి పేరు, వాళ్లు అడిగింది, వాళ్లకు దొరికింది రాయించండి.