అన్నదాత ఎవరు?

భోజనము ముగించి విస్తరి ముందునుండి లేచునప్పుడు "అన్నదాతా సుఖీభవ" యనుట తెలుగు పెద్దల వాడుక. ఇంటిలో తిన్నపుడు ఈ దీవెన ఎవరికి చెందునో సందేహము కలుగదు. గింజలు తెచ్చినవారు, వండినవారు, వడ్డించినవారు అందరును ఆ ఇంటివారే. ఈ మాటను ఓడలో వెంట తీసికొనిపోయిన కుటుంబములలో కొన్ని నేడు మూడవ దేశమున భోజనము చేయుచున్నవి. అచ్చట ఈ మాటకు చిరునామా దొరకుట కష్టమైనది.

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో, హేవర్డు, మోడెస్టో పట్టణములందు ఫిజీనుండి వచ్చి స్థిరపడిన భారత సంతతివారు పెక్కుమంది గలరు. 1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత వారి రాక హెచ్చినది. వారిలో తెలుగువారును ఉన్నారు. అట్టి కుటుంబమొకటి ఒక శుక్రవారము సాయంకాలము వీధిచివరనున్న చైనా భోజనశాలకు పోయినదని అనుకొందము. అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు మనుమలు. గుండ్రని బల్ల, దాని నడుమ తిరుగు గాజుపలక. గొడ్డుమాంసము తగలని వంటకమేదని అవ్వ రెండుసార్లు అడిగినది. మనుమలకు తెలుగు రాదు. అవ్వకు ఇంగ్లీషు చాలదు. ఇరువురికిని ఫిజీ హిందీయే వారధి. ఆనాడు రద్దీ వలన నూడుల్సు ఆలస్యమైనవి. పెద్ద మనుమడు వడ్డించు కుర్రవానిపై విసుగుకొని, వాడు వెనుదిరిగిన పిదప వాని ఉచ్చారణను అనుకరించి నవ్వినాడు. అవ్వ ముఖము చిట్లించినది. "డబ్బిచ్చి తినుచున్నాము గదా" యని తండ్రి కొడుకును సమర్థించినాడు.

ఈ సమాధానమును తేలికగా త్రోసివేయరాదు. అన్నమును అమ్ముట పాపమని మన పూర్వులు తలచిరి. పూటకూళ్ళ ఇంటికి లోకములో గౌరవము తక్కువ. గురజాడవారి "కన్యాశుల్కము"లోని పూటకూళ్ళమ్మను ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. గోదావరి తీరమున లంకల గన్నవరములో వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో గతించిరి. ఆమె పేరు నేటికిని చేతులు జోడించి తలచుకొనుచున్నారు. కాని దానములో పెట్టువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. వెలయిచ్చి తినువాడు ఎవరికిని తలవంచనక్కరలేదు. తోటలో యజమాని కొలిచి ఇచ్చిన బియ్యము తిన్నవారి సంతతికి, తన సొమ్ముతో తన కోరిన వంటకము తెప్పించుకొనుట చిన్న విషయము కాదు. ఫిజీలో పురుషునికి దినకూలి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్సులు. తొలి ఆరు మాసములు తిండి తోటవారే ఇచ్చి, అందుకు దినమునకు నాలుగు పెన్సులు కూలిలో విరుగగోయుదురు. తండ్రి మాటలో ఆ షిల్లింగు ధ్వని కొంత వినబడక మానదు.

అయినను వెల దేనికి చెల్లినదను ప్రశ్న మిగిలియే యున్నది. నూడుల్సుకు చెల్లినది, దీపములకు చెల్లినది, కుర్రవాని శ్రమకును కొంత చెల్లినది. వాడు అవమానమును మ్రింగుటకు మాత్రము ఆ చీటిలో వెల వ్రాసి యుండదు. శ్రమను కొన్నవాడు మనిషిని కూడ కొన్నట్లు తలచుటయే గిర్మిటులోని అసలు దోషము. షిల్లింగు తక్కువగుట ఆ దోషములో ఒక భాగము మాత్రమే. సమాఖ్య చట్టము 1991లో టిప్పు పుచ్చుకొను సేవకునికి యజమాని ఈయవలసిన కనీస కూలిని గంటకు 2.13 డాలర్లుగా నిలిపినది. మిగిలినది అతిథి దయ. కాలిఫోర్నియా చట్టము దీనిని ఒప్పుకొనక, పూర్తి కనీస వేతనము ఈయవలెననుట ఆ రాష్ట్రమునకు గౌరవమే.

ఇంకొక సంగతి గలదు. "కూలి" యను మాట తెలుగు ఇండ్లలో చేసిన పనికి వచ్చు ప్రతిఫలము. అందులో తప్పేమియు లేదు. ఇంగ్లీషు "కూలీ" ఎచటనుండి పుట్టినదో పండితులలో భేదాభిప్రాయమున్నను, అది దక్షిణ దేశపు ఈ మాటయే యని పలువురి అభిప్రాయము. ఓడలెక్కి తిరిగిన ఆ మాట మనిషి చేతిలోని నాణెమును విడిచి మనిషికే తగులుకొని తిట్టయినది. 1862లో కాలిఫోర్నియా శాసనసభ "కూలీ" పోటీనుండి తెల్లవారిని కాపాడుటకని చైనావారిపై నెలకు రెండున్నర డాలర్ల పన్ను విధించినది. తెలుగు కూలీలు మద్రాసునుండి ఫిజీకి పోవుట 1903లో మొదలు. అంతకు నలువది సంవత్సరములకు ముందే వారి మాట శాక్రమెంటో చేరి, ఇప్పుడు ఆ బల్లకు వడ్డించుచున్న కుర్రవాని జాతిని తిట్టినది.

చైనావారు శాక్రమెంటోనుండి తూర్పునకు పర్వతములు తొలిచి రైలుదారి వేసిరి. అది 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీవద్ద కలిసినది. దానికి రెండేండ్ల ముందు, 1867 జూనులో, వేలమంది పని నిలిపి తెల్లవారితో సమానమైన కూలి కోరిరి. కంపెనీవారు తుపాకులు పేల్చలేదు. వారికి చేరు తిండిని ఆపివేసిరి. వారము దినములలో సమ్మె విరిగినది. అన్నము పెట్టువాడు అన్నము నిలుపగలవాడు కూడ అగునప్పుడు వానిని అన్నదాత యనవచ్చునా? 1882లో చైనా శ్రామికులు దేశమున అడుగిడరాదని చట్టమైనది. వర్తకులకు మాత్రము మినహాయింపు. 1915లో ఒక న్యాయస్థానము భోజనశాల యజమానిని వర్తకునిగా ఎంచుటతో, తమవారిని రప్పించుకొనుటకు వంటయే దారియైనది. ఆ చట్టము 1943లో గాని రద్దు కాలేదు. ఊరూర చైనా భోజనశాల ఉండుటకు రుచితోబాటు ఇదియును కారణము. ఆ వంట చైనాలో వండునది కాదని కొందరు ముక్కు విరుతురు. ఫిజీ మసాలాతో పెరిగినవారు ఆ పని చేయకుండుట మంచిది.

చైనావారు తోటవారికి కొత్తవారు కారు. మారిషసులో చెరకుతోటల అంచున చైనా అంగడి ఉండెడిది. పంట కోతకు రానంతవరకు బియ్యము, నూనె, ఎండుచేప అరువిచ్చి, చిన్న పుస్తకములో వ్రాసికొనెడివారు. అది ధర్మసత్రము కాదు, వ్యాపారమే. కాని పుస్తకములో పేరు వ్రాసికొనుట యనగా ఆ మనిషి రేపుకూడ ఉండునని నమ్ముట. వెలకును గౌరవమునకును పొత్తు కుదురుట అసాధ్యము కాదని ఆ అరువు పుస్తకము చూపుచున్నది.

బల్లవద్ద తండ్రి కార్డు తీసినాడు. అవ్వ చేతులు తుడుచుకొని, అలవాటు చొప్పున "అన్నదాతా సుఖీభవ" యన్నది. కొడుకు తన్నే యనుకొని చిరునవ్వు నవ్వినాడు. అవ్వ చూపు మాత్రము గిన్నెలు పేర్చుకొనుచున్న కుర్రవానిమీద ఉన్నది. ఎదుటివానిని కలిసినపుడు భోజనమైనదా యని అడుగుట తెలుగువారికివలె చైనావారికిని ఆచారమని ఆమెకు తెలియదు. "నీవు తిన్నావా, నాయనా? అడుగు వానిని" అని పెద్ద మనుమని మోచేతిని తట్టినది.

మనుమడు కొంత సంకోచించి, తల ఎత్తకుండ అడిగినాడు.

తలుపులు మూసిన తరువాత తిందుమని కుర్రవాడు చెప్పినాడు. అప్పటికి సమయము ఎనిమిది దాటినది. తలుపులు మూయుట పదింటికి.