స్వామికి ఉద్దాలు – కొండకు దారి

కురుమూర్తి కొండకు ఉద్దాలు కదలు దినమున దారికిరువైపుల జనము బారులు తీరి నిలుచుందురు. మహబూబ్‌నగర్ జిల్లా, చిన్నచింతకుంట మండలములో అమ్మాపురము సమీపమున వెలసిన శ్రీ కురుమూర్తిస్వామి జాతర దీపావళితో ఆరంభమై కార్తీకమున సాగును. వడ్డెమాను గ్రామమున చర్మకారులు నియమ నిష్ఠలతో కుట్టిన పాదుకలు ఊరేగింపుగా కొండకు చేరును. వానిని శిరస్సునకు తాకించుకొనుటకు భక్తులు త్రోసికొని ముందుకు వత్తురు. తిరుమల వీడి కృష్ణాతీరమున నడచి వచ్చిన స్వామి కోమల పాదములు కందుట చూచి కృష్ణవేణి పాదుకలను సమర్పించినదని స్థలపురాణము. లక్ష్మీపతికి చెప్పులు కరవైనవా అని ఎవరైనను నవ్వవచ్చును. కాని పాలమూరు నేల స్వభావమంతయు ఆ కథలోనే ఉన్నది: రాళ్లు, ముళ్లు, ఎండ. నడచువాని కష్టమెరిగిన జనము కిరీటమునకు ముందు పాదరక్షను తలచినారు.

నడచువారికి దారి ఏర్పరచుట కూడ ఆ పాదుకా సేవలోనిదే. కులశేఖరాళ్వారు చేర దేశమునకు రాజయ్యును వేంకటాద్రిపై స్వామి ముంగిట మెట్టుగా పడియుండుటను కోరినారు. గర్భాలయపు గడప నేటికిని కులశేఖరపడి అనియే పిలువబడుచున్నది. విప్రనారాయణులు శ్రీరంగమున పూలతోట పెంచి, భక్తుల పాదధూళి యను పేరు ధరించినారు. ఒకరు మెట్టైనారు, ఒకరు ధూళియైనారు. ఈ భావము నుండియే మెట్ల ధర్మము పుట్టినది. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి అహోబిలమునకు, శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. అలిపిరి నుండి తిరుమల వరకు గల సుమారు 3,550 మెట్లకు పసుపు కుంకుమలు పెట్టి మెట్లోత్సవము జరుపు భజన మండళ్లు నేడును కలవు.

అయితే ఇచట ఒక సందేహము రాక మానదు. కొండయే ఆదిశేషుడని నమ్మి, పాదము మోపుటకు వెనుకాడి, శ్రీరామానుజులు మోకాళ్లతో తిరుమల ఎక్కిరని గురుపరంపర కథ. మోకాలిమెట్టు అను పేరే అందుకు గురుతు. మన్యంకొండలో స్వామి ఉలి ముట్టనివాడు, కోనేరు తవ్వనిది, పాదములు చెక్కనివి అని పాలమూరు వారు భక్తితో చెప్పుకొందురు. అట్టి కొండను తొలిచి దారి వేయుట అపచారము కాదా?

దారి యొక్క పనిని సగమే చూచినందున కలుగు సందేహమిది. దారి పాదములను పైకి చేర్చును. మిగిలిన కొండను పాదముల నుండి కాపాడును. మెట్లు సరిగా లేనిచోట ప్రతివాడును ఒక అడ్డదారి త్రొక్కును. త్రొక్కుడుకు గట్టిపడిన నేలలో గడ్డి మొలవదు, నీరు ఇంకదు. ఏడాదికి సగటున సుమారు 600 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ ఇది. అందులో చాల భాగము కొద్ది జడివానలలోనే కురియును. ఆ నీరు అడ్డదారి గాడి వెంట పరుగిడి, కొండ చర్మమును కోసి, మట్టిని దిగువ చెరువున పూడికగా చేర్చును. పైన చెట్టు వేళ్లు బయటపడును, క్రింద రైతు ఆయకట్టు ఎండును. ఒక్క యాత్రికుని తొందరపాటునకు ఇంత ఫలము!

మహబూబ్‌నగర్ సమీపమున గల పిల్లలమర్రి చరిత్ర ఇందుకు తోడు. సుమారు మూడెకరముల మేర ఊడలు దించిన ఆ వటవృక్షమునకు ఏడువందల ఏండ్ల వయస్సని ప్రతీతి. చెదలు తొలిచివేయగా 2017లో పెద్ద కొమ్మ విరిగిపడెను. సందర్శకులను నిలిపివేసి, 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాల ద్వారా చెదల మందును చుక్క చుక్కగా మ్రానులోనికి పంపిరి, కొమ్మలకు ఊతలు నిలిపిరి. చెట్టు చిగిరించినది.

ఉమ్మడి నల్లగొండలోని మోతె మండలము రాఘవాపురమున దుశ్చర్ల సత్యనారాయణ వారసత్వముగా వచ్చిన సుమారు 70 ఎకరములను అడవిగా పెరుగనిచ్చి, అందలి పండ్లు పక్షులకు, జంతువులకే అని విడిచిపెట్టినారు. స్వంత భూమినే అట్లు విడువగలిగిన వారుండగా, అందరిదైన దేవుని కొండను జాతరనాడు పొయ్యి కట్టెలకు నరుకుట, ప్లాస్టిక్ సంచులతో నింపుట ఏ భక్తియో తెలియదు.

చేయవలసిన పని పెద్ద విద్య కాదు. మెట్లకు అడ్డముగా నీరు ప్రక్కకు మరలు కాలువ, అడ్డదారి మొగలో ముళ్లకంప, కోసుకొనిపోయిన గండిలో సున్నము లేని రాతికట్ట, తొలకరికి ముందు గుంతలు. వేప, మోదుగ, రావి, కార్తీక వనభోజనమునకు ఉసిరి నాటవలెను. (సీతాఫలము పిలువకయే మొలచును!) రెండు వేసవులు నీరు మోయుటయే అసలు కష్టము. నాటిననాడు ఛాయాచిత్రములో నిలుచువారు, చైత్రమున కడవ యెత్తు వేళకు కానరారు.

ఇందుకు చందా ఇచ్చువారు ఇత్తురు. పాలమూరు కూలీలు దేశమున ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు; జాతరకు ఊరు చేరిన ఆ చేతులు ఒక్క దినము కొండకు పనిచేసిన, అది పాలరాతి దాత కానుకకు తక్కువ కాదు. పేరు ఏ మెట్టున చెక్కవలెనను తగవులు మాత్రము పుణ్యమును తరుగజేయును.

తిరుమలలో పుష్పకైంకర్యమునకు శ్రీరామానుజుల ఆజ్ఞపై నిలిచిన అనంతాళ్వారులు ఆ తోటకై చెరువు త్రవ్వుచుండగా, నిండు చూలాలైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి, ‘అయ్యా, నేనును మోసెద’ ననెను. ఈ సేవ మాది, నీకేల అని ఆయన త్రోసిపుచ్చిరి. బాలుడు చాటుగా ఆమె తట్టనందుకొని మోసెను. అది కనుగొని, కోపముతో ఆయన విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు గుడివైపు పరుగెత్తి కనుమరుగయ్యెను. లోపల స్వామి చుబుకమున రక్తము కారుచుండెను. అనంతాళ్వారులు వణకు చేతులతో పచ్చకర్పూరము అద్దిరి. ఆ కర్పూరము నేటికిని స్వామి గడ్డమున ఉన్నది; గునపము మహాద్వారము గోడకు వ్రేలాడుచున్నది.