ఆఫీసుకు వెళ్లాక కలిగే బాధను ఏమనాలి?

మన టీచర్లు కొందరు పదేళ్లో పదిహేనేళ్లో బడిలో పని చేశాక డిప్యుటేషన్ మీద ఆఫీసులకు వెళ్తున్నారు. డిగ్రీ పూర్తయిన మన యువకులు కూడా గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంట్లుగా పట్నం చేరుతున్నారు. వెళ్లిన కొత్తలో అందరికీ సంతోషమే. తర్వాత పండక్కి ఊరొచ్చినప్పుడు చాలామంది నోట ఒకే మాట వింటున్నాం: "పోకుండా ఉంటే బాగుండేది."

ఈ మాట విన్నప్పుడు మనం రెండు రకాలుగా బదులిస్తాం. "దొరికిన అన్నానికి వంక పెట్టొద్దు" అంటారు కొందరు. "మమ్మల్ని వదిలి పోయావు కదా, అనుభవించు" అంటారు ఇంకొందరు. రెండూ తొందరపాటు మాటలే. ఆ బాధ ఏమిటో, అది మన నుంచి ఏం అడుగుతోందో ముందు తెలుసుకోవాలి.

ఈ బాధలో మొదటిది బెంగ. దండారి రోజుల్లో సెలవు దొరకదు. ఊళ్లో గుస్సాడీలు ఆడుతుంటే మనవాడు పట్నం గదిలో ఫోన్‌లో వీడియో చూస్తుంటాడు. ఇప్పపువ్వు రాలే కాలంలో ఇంటివాళ్లంతా తెల్లారకముందే అడవిలో ఉంటారని తెలుసు, తాను మాత్రం బస్సు కోసం నిలబడి ఉంటాడు. పొద్దంతా ఫైళ్లు. తన భాషలో పలకరించే మనిషి ఉండడు. బెంగ రావడం సహజం, అందులో తప్పేమీ లేదు.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మనకు బెంగ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడు మొదటి నెల గేటు దగ్గరే నిలబడతాడు. వాణ్ని తిట్టం, వెంటనే ఇంటికీ పంపం. పక్కన కూర్చోబెట్టుకుని వాడి భాషలో నాలుగు మాటలు మాట్లాడతాం. పెద్దవాళ్ల బెంగకూ అదే మందు. బెంగను పట్టుకుని "నా నిర్ణయమే తప్పు" అనుకుని ఉద్యోగం వదిలేసుకుంటే నష్టపోతాం.

రెండోది బెంగ కాదు, బాకీ. దీన్ని విడిగా చూడాలి.

ఒక గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాల ఉందనుకుందాం. అక్కడి టీచరుకు గోండి వచ్చు. ఆయన ఆఫీసుకు వెళ్లాక ఇంకో ఊరి నుంచి గోండి రాని టీచరును సర్దుతారు. ఒకటో తరగతి పిల్ల లేచి "ఏర్" అంటుంది. గోండిలో ఏర్ అంటే నీళ్లు. ఆ టీచరుకు మాత్రం ఏరు అన్నట్టు వినిపిస్తుంది. ఏటి దగ్గరికి పోతానంటోందని కూర్చోమంటాడు. అతను చెడ్డవాడు కాదు, అతనికి అర్థం కాలేదంతే. ఆ పిల్ల దాహంతోనే కూర్చుంటుంది. ఇలాంటివి నాలుగు జరిగితే నోరు విప్పడం మానేస్తుంది. ఆ తర్వాత రిజిస్టరులో "చదువులో వెనుకబడింది" అని రాస్తాం.

డిప్యుటేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. టీచరు ఆఫీసులో ఉన్నా ఆ పోస్టు కాగితం మీద బడిలోనే ఉంటుంది, జీతమూ ఆ పోస్టు మీదే వస్తుంది. ఖాళీ చూపించరు గనుక ఆ పోస్టులోకి కొత్త టీచరు రారు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప టీచర్లను చదువుకు సంబంధం లేని పనులకు పంపకూడదు. ఆ సెక్షన్ అలా ఎందుకు రాశారో గూడెంలోని ఒకటో తరగతిని చూస్తే తెలుస్తుంది.

మన విషయంలో ఈ బాకీ ఇంకా బరువైనది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో నెంబరు 3 వచ్చింది. బయటి నుంచి వచ్చిన టీచర్లు ఊళ్లో ఉండకపోవడం, బడి తెరుచుకోకపోవడం ఆ జీవోకు ముఖ్య కారణాలు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో ఉండనిచ్చింది. అంటే అలా వచ్చిన మన టీచర్లు ఉన్నారు గానీ, రేపు అదే దారిలో అంతమంది రారు. "వాళ్లయితే ఊళ్లో ఉంటారు" అన్న నమ్మకంతో ఇచ్చిన ఉద్యోగాలవి. బడి వదిలి వెళ్లినవారికి రాత్రి నిద్ర పట్టకపోతే ఆ నమ్మకం గుర్తొస్తోందన్నమాట.

మరి ఎవరూ ఆఫీసుకు వెళ్లకూడదా? అలా అనలేం. అటవీ హక్కుల పట్టా కాగితం పట్టుకుని ఒక కొలాం అవ్వ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఏ సారును అడగాలో తెలియదు, తెలుగు సరిగా రాదు. లోపల కుర్చీలో మన మనిషి ఒక్కరున్నా ఆ అవ్వకు నాలుగుసార్లు తిరిగే బాధ తప్పుతుంది. 1940ల్లో కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది ఇందుకే. జనం ఆఫీసుల దాకా రాలేకపోతున్నారని ఆఫీసర్లనే జాతర దగ్గరికి రప్పించారు. కొమురం భీం పోరాటం తర్వాత హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో 1943లో పెట్టిన శిక్షణ కేంద్రం కూడా టీచర్లతో ఆగలేదు. గోండు యువకులను పట్వారీలుగా, గుమస్తాలుగా కూడా తయారుచేసింది. బడి ఎంత అవసరమో ఆఫీసు కుర్చీ కూడా అంతే అవసరమని అప్పుడే తేలింది.

కాబట్టి వెళ్లడం పాపం కాదు. తల్లిదండ్రుల వైద్యానికి, పిల్లల చదువుకు, మంచి రోడ్డున్న చోటికి వెళ్లాలనుకోవడం కూడా పాపం కాదు. బయటివాళ్లు ఇదే పని చేస్తే ఎదుగుదల అంటారు, మనవాడు చేస్తే ద్రోహం అంటాం. ఇంట్లో మొదటిసారి ఉద్యోగం వచ్చినవాడి భుజం మీద ఊరంతటి బరువు పెట్టడం న్యాయం కాదు.

కానీ కుర్చీ మారినంత మాత్రాన బాకీ తీరదు. ఆఫీసులో ఉన్న ప్రతి ఒక్కరం నెలకొకసారి ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ కుర్చీలో నేనుండడం వల్ల ఈ నెల మనవాళ్లలో ఎవరి పని సులువైంది?" జవాబుగా ఒక్క మనిషైనా గుర్తొస్తే ఉండాలి, ఉంటూనే విడిచి వచ్చిన బడికి టీచరు వచ్చేదాకా అడుగుతూ ఉండాలి. ఎవరూ గుర్తురాకపోతే, సంతకాలు పెట్టించుకు రావడం, జిరాక్సులు తీయడమే పనైతే, ఏ క్లర్కయినా చేసే ఆ పని కోసం ఒక బడిని మూసినట్టే. అప్పుడు వెనక్కి రావడం ఓటమి కాదు. తిరిగొచ్చిన టీచరును "అక్కడ చేతకాక వచ్చాడు" అనకుండా చూసుకోవడం మన వంతు.

యువకులకు ఒక మాట. ఏ ఉద్యోగమైనా రాయండి, ఎంత దూరమైనా వెళ్లండి. బాధ కలిగితే భయపడకండి. అది బెంగ అయితే నలుగురిలో కలిసి మాట్లాడుకోండి, సెలవు పెట్టి ఇంటికి రండి. అది బాకీ అయితే ఎవరికి బాకీ ఉన్నారో ఆ మనిషి పేరు రాసుకోండి. పేరు తెలిస్తే తీర్చే దారి కూడా దొరుకుతుంది.