వంశంలో ఎవరికైనా ఉందా?

క్యాన్సర్ వచ్చిన పిల్లవాణ్ణి తీసుకెళితే డాక్టరు మొదట్లోనే అడిగే ప్రశ్న ఇది. మనవాళ్ళ జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "అబ్బే, మా ఇంట్లో ఎవరికీ లేదండీ." మేనత్త చిన్న వయసులో ఎందుకు పోయిందంటే "ఏదో జబ్బు చేసి" అంటారు. రాచపుండు అన్న మాట నోటికి రానివ్వరు. వస్తే ఇంట్లో ఆడపిల్లలకి సంబంధాలు రావు మరి!

న్యూజిలాండ్‌లో టౌరంగా ప్రాంతపు మెక్లౌడ్ అనే మావోరీ కుటుంబం ఇందుకు భిన్నంగా నడిచింది. మూడు దశాబ్దాల్లో వాళ్ళలో పాతికమందికి పైగా కడుపు క్యాన్సర్‌తో పోయారు. శాపమన్నవాళ్ళూ ఉన్నారు. 1990లలో వాళ్ళే ఒటాగో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుల్ని కలుపుకుని, చచ్చిపోయినవాళ్ళ పేర్లతో సహా వంశవృక్షం విప్పి చూపించారు. 1998లో పారీ గిల్ఫర్డ్ బృందం లోపం సి.డి.హెచ్.1 అనే జన్యువులో ఉందని 'నేచర్' పత్రికలో ప్రకటించింది. అది మోస్తున్న తల్లి లేక తండ్రి నుంచి ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. ఉందని తేలినవాళ్ళలో చాలామంది జబ్బు రాకముందే కడుపు తీయించుకున్నారు. ఆడవాళ్ళయితే రొమ్ముని కూడా కనిపెట్టుకుని ఉండాలి, అక్కడా ఒక రకం క్యాన్సర్ రావచ్చు.

మరి చిన్నపిల్లలకి ఆ పరీక్ష చేయించాలా? ఈ జన్యువు సంగతిలో సాధారణంగా తొందరపడరు. పెద్దయ్యాక, తెలుసుకోవాలో వద్దో వాడే తేల్చుకుంటాడు. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. బిడ్డ భవిష్యత్తుని బిడ్డకంటే ముందు మనం చదివేయడం పెద్ద చనువే.

కానీ అన్ని జన్యువులూ అంత ఓపిక పట్టవు. కంటిపాపలో తెల్లని మెరుపుగా బయటపడే రెటినోబ్లాస్టోమా పసితనంలోనే వస్తుంది. అది వంశపారంపర్యంగా వచ్చిన పిల్లల్లో, కంటికి రేడియేషన్ ఇచ్చిన చోటే ఏళ్ళ తర్వాత ఎముకకో కండకో రెండో క్యాన్సర్ రావడం డాక్టర్లు చూశారు. అందుకే ఇప్పుడు రేడియేషన్ చివరి మాటగా ఉంచుకుంటారు. 1969లో లీ, ఫ్రామెనీ అనే ఇద్దరు డాక్టర్లు గుర్తించిన సిండ్రోమ్‌లోనూ అంతే. వేరే దారి ఉంటే రేడియేషన్ జోలికి పోరు. ఇక్కడ "పెద్దయ్యాక వాడే చూసుకుంటాడు" అనే న్యాయం చెల్లదు. వాడు పెద్దవాడవడమే ఈ సమాచారం మీద ఆధారపడి ఉండొచ్చు.

మేనత్త సంగతి దాచినవాళ్ళు దుర్మార్గులు కారు. ఇంకో పిల్ల పెళ్ళి కోసం దాచారు. ఆ భయం ఉత్తది కూడా కాదు. అయినా రెండూ తక్కెడలో వేస్తే, చెడిపోయిన సంబంధం బదులు ఇంకొకటి వెతకొచ్చు. ఇచ్చేసిన రేడియేషన్‌ని వెనక్కి తీసుకోలేం.

మావోరీలు కుటుంబాన్ని ఫానౌ అంటారు. పినతండ్రి పిల్లలూ, వాళ్ళ పిల్లలూ అందరూ అందులోవాళ్ళే. మన ఉమ్మడి కుటుంబమూ పెళ్ళిళ్ళకీ ఆస్తి తగాదాలకీ అంత పెద్దదే. జన్యులోపం బయటపడ్డ కుటుంబానికి జెనెటిక్ క్లినిక్‌లో తరచు ఒక ఉత్తరం ఇస్తారు, రక్తసంబంధీకులకి పంపమని. ఆక్లాండ్ నుంచి గుంటూరుకి అది ఎన్ని ఇళ్ళు చేరుతుందో, చేరినా ఏ బీరువాలో ఉండిపోతుందో!